పుట్టబోయే బిడ్డకి గది సర్దడం: ముందు ఏం చేయాలి, తర్వాత ఏం కొనాలి

  ఈ మధ్య మూడు నాలుగు నెలలుగా నేను ఎపిసోడ్లు సరిగ్గా చేయలేకపోయాను. ఎందుకో చెప్తాను. మాకు మనవరాలు పుట్టింది. ఇప్పుడు మూడో నెల నడుస్తోంది. పక్క గదిలో వాళ్లమ్మ దగ్గర పడుకుని ఉంది. మధ్యలో లేచి ఏడిస్తే నేను మాట ఆపి వెళ్తాను, ఏమీ అనుకోవద్దు.

ఈ రోజు విషయం కూడా అదే. పుట్టబోయే బిడ్డ కోసం గది ఎలా సిద్ధం చేసుకోవాలి? ఈ విషయం మీద మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లం, మా అమ్మ, నేను, మా అమ్మాయి, దాదాపు గొడవ పడ్డాం. చివరికి ముగ్గురం తలో విషయం వదులుకున్నాం, తలో విషయం నేర్చుకున్నాం. అది మీకు చెప్తే ఎవరికైనా పనికొస్తుందని ఈ ఎపిసోడ్.

మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. తొలి కాన్పు కదా, ఏడో నెల సీమంతం అయ్యాక విశాఖపట్నం తీసుకొచ్చాం. అంతకు ముందే, ఐదో నెలలో ఒక రోజు నా ఫోన్‌కి ఫోటో పంపింది. ఒక గది. గోడకి లేత ఆకుపచ్చ రంగు, దాని మీద ఏనుగులు, మబ్బులు. తెల్లటి కర్ర తొట్టి, దాని చుట్టూ లోపలివైపు మెత్తటి దూది అంచు. తొట్టి నిండా దిండ్లు, బొచ్చు కుందేళ్లు. పైన వేలాడే నక్షత్రాలు. "అమ్మా, నా పాత గదిని ఇలా చేయిద్దాం. ఒకాయన లక్షా పదివేలకి చేస్తానన్నాడు" అని రాసింది.

నాకు ముచ్చటేసింది. నిజమే చెప్తున్నా. ఆ ఫోటో తీసుకెళ్లి మా అమ్మకి చూపించాను. అమ్మకి ఎనభై నాలుగేళ్లు, మా దగ్గరే ఉంటుంది. ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది. తిరిగి నా చేతిలో పెట్టేసి ఒక్కటే మాట అంది. "బిడ్డ పుట్టకముందు ఇంట్లోకి తొట్టి తేవద్దు."

ఈ మాట మీలో చాలామంది ఇళ్లలో విన్నదే. పుట్టకముందు బట్టలు కొనకూడదు, ఉయ్యాల తేకూడదు, పేరు అనుకోకూడదు. నేను కూడా మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు ఏమీ కొనలేదు. అమ్మ వద్దంది, నేను సరేనన్నాను. ఎందుకు అని అడగలేదు. ఈసారి అడిగాను. "ఏంటమ్మా ఈ చాదస్తం, రోజులు మారాయి కదా" అన్నాను.

నాకంటే ముందు ఒక అన్నయ్య పుట్టి పోయాడని నాకు తెలుసు. అంతవరకే తెలుసు. ఆ రోజు అమ్మ మిగతాది చెప్పింది. మాది యలమంచిలి దగ్గర పల్లెటూరు. అమ్మకి పందొమ్మిదో ఏట తొలి కాన్పు. మా తాతగారు సరదాపడి వడ్రంగిని ఇంటికి పిలిపించి, కాన్పుకి నెల ముందే ఉయ్యాల చేయించారు. బిడ్డ తొమ్మిది రోజులు బతికాడు. పురిటి స్నానం కూడా కాలేదు. ఆ ఉయ్యాల ఎక్కనే లేదు. "బిడ్డ పోయిన బాధ ఒక ఎత్తు. లేచినా పడుకున్నా ఆ ఖాళీ ఉయ్యాల కళ్ల ముందు వేలాడుతుంటే అది ఇంకో ఎత్తు. దాన్ని విప్పమని మామగారికి చెప్పే ధైర్యం నాకు లేదు. నాలుగు నెలలు అలాగే ఉంది" అంది అమ్మ.

ఇక నేను చాదస్తం అన్న మాట వెనక్కి తీసుకున్నాను.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదండీ. మన దేశంలో 1971లో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. మా అమ్మ కాన్పు అంతకు పదేళ్ల ముందుది. అంటే ప్రతి ఊళ్లోనూ, ఇంచుమించు ప్రతి వీధిలోనూ ఒక ఖాళీ ఉయ్యాల ఉండి ఉంటుంది. అలాంటి కాలంలో పుట్టిన మాట ఇది. 2020 నాటికి అదే లెక్క వెయ్యికి 28కి దిగింది. భయం చాలా తగ్గింది, నిజమే. కానీ ఆ భయం అనుభవించిన మనిషి ఇంట్లో ఉన్నప్పుడు, లెక్కలు చూపించి నోరు మూయించడం నాకు సబబు అనిపించలేదు.

అలాగని ఏమీ చేయకుండా కూర్చుంటే ఎలా? కాన్పయ్యాక గోడలకి రంగులు వేయించలేం కదా. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీశాను. ఒకవైపు "గది పనులు". రెండోవైపు "బిడ్డ వస్తువులు". గది పనులన్నీ ముందే చేయించేద్దాం. అది ఇల్లు బాగుచేసుకోవడం, దానికి ఏ పట్టింపూ లేదు. బిడ్డ వస్తువులు మాత్రం పుట్టాకే ఇంట్లోకి వస్తాయి. ఏ దుకాణంలో ఏది కొనాలో ముందే చూసి పెట్టుకుంటాం, అంతే. అమ్మ ఆ కాగితం చదివించుకుని "ఇది బాగుంది" అంది. మా అమ్మాయి కాస్త ముఖం ముడుచుకుంది కానీ అమ్మమ్మ సంగతి చెప్పాక ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు మొదటివైపు చెప్తాను. గది పనులు.

మొదటిది చెమ్మ. సముద్రం పక్క ఊళ్లో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. మా ఫ్లాట్ ఇరవై ఐదేళ్ల నాటిది. ఆ గదిలో బీరువా వెనక గోడ అంతా నల్లగా బూజు పట్టి ఉంది. బీరువా జరిపేదాకా నాకే తెలీదు. దాని మీద ఏనుగుల బొమ్మలు అంటిస్తే పైకి అందంగానే ఉంటుంది, లోపల బూజు అలాగే ఉంటుంది, పసిబిడ్డ ఆ గాలే పీలుస్తుంది. కాబట్టి ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. మాకు పక్క స్నానాల గదిలో పలకల మధ్య సందుల్లోంచి దిగుతోంది. ఆ సందులు పూడ్పించి, గోడ పూర్తిగా ఆరడానికి మూడు వారాలు వదిలేశాం. ఆ తర్వాతే రంగు.

రెండోది పాత రంగు. ఇది చాలా ముఖ్యం, శ్రద్ధగా వినండి. పాత ఇళ్లలో తలుపులకి, కిటికీలకి, గ్రిల్స్‌కి వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధన తెచ్చారు, 2017 నవంబర్ నుంచి అమలైంది. అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు. దానికి ముందు వేసిన రంగులో ఎంత ఉందో మనకి తెలియదు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. గోడకి ఉన్నంతసేపు కాదు, దాన్ని గీకి పొడి చేసినప్పుడే అసలు ప్రమాదం.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. రంగులేసే అబ్బాయి వచ్చి కిటికీ చట్రాన్ని గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. గదంతా తెల్లటి దుమ్ము. నేను పరుగెత్తుకెళ్లి ఆపాను. నిజానికి తప్పు నాదే, ముందే చెప్పి ఉండాల్సింది. తర్వాత నీళ్లు చల్లి, తడిగా ఉన్నప్పుడే రుద్దమన్నాను. తలుపు కింద తడిబట్ట పెట్టాం. పని అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో మూడుసార్లు తుడిపించాం. ఆ అబ్బాయికి కూడా ముక్కుకి, నోటికి మాస్క్ ఇచ్చాం. అతనికీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారట. అసలు పాత రంగు పెచ్చులు లేవకుండా గట్టిగా ఉంటే దాన్ని గీకకుండా పైనుంచి కొత్త రంగు వేయించడమే మేలు.

కొత్త రంగు కొనేటప్పుడు "సీసం లేనిది", "తక్కువ వాసనది" అని డబ్బా మీద చూసి కొనండి. ఎంత మంచిదైనా కాన్పుకి కనీసం నెల ముందే పని పూర్తవ్వాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. గర్భిణి ఆ పని జరిగే చోట ఉండకూడదు. మేం ఆరో నెలలోనే ముగించాం, అమ్మాయి అప్పటికి బెంగళూరులోనే ఉంది.

మూడోది కిటికీలు. దోమల జాలీ చిరుగులు లేకుండా చూసుకోండి. దోమల చుట్టలు, సాంబ్రాణి పొగ పసిబిడ్డ గదిలో వద్దు. ఈ సాంబ్రాణి మాట దగ్గర మా అమ్మతో మళ్లీ చిన్న యుద్ధం అయింది. తలస్నానం అయ్యాక సాంబ్రాణి వేయకపోతే జలుబు చేస్తుందని ఆవిడ నమ్మకం. చివరికి పూజ గదిలో వేసుకో, మేం తలుపు వేసుకుంటాం అని ఒప్పందం. తల మెత్తటి తువ్వాలుతో బాగా తుడిస్తే చాలు. జాలీ ఉన్నా సరే, దోమతెర ఉండాల్సిందే. కిటికీ కర్టెన్లకి వేలాడే తాళ్లు ఉంటే తీసేయండి. పిల్లలు పాకే వయసుకి అవి మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది.

ఇక అసలు చర్చ. బిడ్డ ఎక్కడ పడుకోవాలి?

మా అమ్మాయి పంపిన ఫోటోలో బిడ్డకి విడి గది. మన ఇళ్లలో బిడ్డ తల్లి దగ్గరే పడుకుంటుంది. ఇందులో ఎవరిది ఒప్పు? ఇద్దరిదీ సగం సగం. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం వాళ్లు 2022లో ఇచ్చిన సలహా ఏంటంటే, కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే పడుకోవాలి, కానీ వేరే పక్క మీద. పెద్దవాళ్ల మంచం పక్కనే తొట్టి. అంటే అంత ఖర్చుపెట్టి విడి గది అలంకరించినా, మొదటి ఆరు నెలలు దాన్ని వాడే పనే లేదు! ఈ ఒక్క మాటతో మా లక్షా పదివేలు మిగిలాయి.

ఆ తొట్టిలో ఏం ఉండాలి? గట్టి, చదునైన పరుపు. దానికి బిగుతుగా పట్టే దుప్పటి. అంతే. దిండు వద్దు, బొంత వద్దు, బొమ్మలు వద్దు, చుట్టూ మెత్తటి అంచు వద్దు. బిడ్డ మూతి వీటికి ఆనుకుంటే తల తిప్పుకునే బలం ఉండదు, ఊపిరి అందదు. ఆ మెత్తటి అంచుల అమ్మకాన్ని అమెరికాలో 2022లో చట్టం చేసి నిషేధించారు. కానీ ఫోటోల్లో ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. మనం ఆ ఫోటోలు చూసి కొంటూనే ఉన్నాం.

ఇంకో మాట. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి. ఒకప్పుడు అక్కడ బోర్లా పడుకోబెట్టమని చెప్పేవాళ్లు. 1992లో ఆ సలహా మార్చారు, 1994లో దేశమంతా ప్రచారం చేశారు. ఆ తర్వాత పదేళ్లలో నిద్రలో హఠాత్తుగా చనిపోయే పిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ఖరీదైన యంత్రం ఏమీ లేదు, కేవలం పడుకోబెట్టే తీరు మార్చారు.

ఇది మా అమ్మాయికి ముందే చదివి వినిపించాను. "అయితే ఆ మెత్తటి అంచు, కుందేళ్లు వద్దా?" అని అడిగింది. "వద్దమ్మా" అన్నాను. కాసేపు ఆ ఫోటో చూసుకుని తీసేసింది. ఆ గదిలో తనకి బాగా నచ్చింది అదేనట.

కానీ కష్టం ఇంకోవైపు నుంచి వచ్చింది. పాప పుట్టి, వాళ్లు ఆస్పత్రిలో ఉన్న నాలుగు రోజులూ మా అమ్మ ఇంట్లో కూర్చుని ఆవాల దిండు కుట్టింది. మీకు తెలుసు కదా, తల గుండ్రంగా రావాలని పసిపిల్లల తల కింద పెడతారు. తన మెత్తటి పాత నేత చీర చింపి, ఆవాలు ఎండబెట్టి, జల్లించి, కళ్లు సరిగ్గా కనపడకపోయినా చేత్తో కుట్టింది. పాప ఇంటికి రాగానే తెచ్చి ఇచ్చింది. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి "అమ్మమ్మా, దిండు పెట్టకూడదు" అనేసింది. అమ్మ ఏమీ అనలేదు. దిండు ఒళ్లో పెట్టుకుని అలా కూర్చుంది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు మా అమ్మాయే వెళ్లి పక్కన కూర్చుంది. "అమ్మమ్మా, నేను తెచ్చుకోవాలనుకున్నవి కూడా మానేశాను, చూడు" అని తొట్టి చూపించింది. ఖాళీగా ఉన్న తొట్టి. దుప్పటి తప్ప ఏమీ లేదు. ఎందుకో మెల్లగా వివరించింది. అంతా విని అమ్మ అంది, "మరి తల చదునైపోదూ?" మంచి ప్రశ్నే. దానికి డాక్టర్ గారు చెప్పింది ఇది: పడుకోబెట్టిన ప్రతిసారీ తల ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి ఉండేలా చూడాలి. మెలకువగా ఉన్నప్పుడు మనం పక్కనే ఉండి కాసేపు బోర్లా పడుకోబెట్టాలి. ఎత్తుకోవడం ఎలాగూ ఉంది. ఆ బోర్లా పడుకోబెట్టే పని ఇప్పుడు మా అమ్మదే. రోజూ పొద్దున్న స్నానానికి ముందు చాప మీద పడుకోబెట్టి ఎదురుగా కూర్చుంటుంది.

ఆవాల దిండు ఏమైందంటారా? పాలిచ్చేటప్పుడు మా అమ్మాయి మోచేతి కింద పెట్టుకుంటోంది. సరిగ్గా సరిపోయింది.

చీర ఉయ్యాల సంగతి కూడా చాలామంది అడుగుతారు. చీరలో బిడ్డ నడుము వంగి, గడ్డం గుండెకి ఆనుకుంటుంది. అప్పుడు ఊపిరి దారి నొక్కుకుపోవచ్చు. రాత్రంతా, ఎవరూ చూడనప్పుడు, అందులో వదిలేయడం మంచిది కాదు. మేం బారసాల రోజున ఉయ్యాలలో వేసి, పాటలు పాడి, పేరు పెట్టి, తీసేశాం. ముచ్చట తీరింది.

ఇప్పుడు రంగులు, బొమ్మల గురించి. పుట్టిన బిడ్డకి చూపు ఎంత దూరం స్పష్టంగా ఆనుతుందో తెలుసా? 20 నుంచి 30 సెంటీమీటర్లు. అంటే పాలు తాగుతున్నప్పుడు తల్లి ముఖం ఎంత దూరంలో ఉంటుందో అంత. అవతల గోడ మీద ఏనుగు ఉన్నా, ఏమీ లేకపోయినా దానికి ఒకటే. లేత రంగులు మనకి అందంగా ఉంటాయి కానీ పసికళ్లకి తేడా తెలియదు. నలుపు తెలుపు గీతలు, గళ్లు బాగా ఆకట్టుకుంటాయి. 1960ల మొదట్లో రాబర్ట్ ఫాంట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పసిపిల్లలకి ఉత్త రంగు పలకలు, గీతలున్న పలకలు చూపించి ఎక్కువసేపు దేన్ని చూస్తారో లెక్కపెట్టాడు. గీతలు, ముఖాల బొమ్మలే గెలిచాయి.

కాబట్టి ఖర్చు అక్కర్లేదు. తెల్ల అట్ట మీద నల్ల స్కెచ్ పెన్‌తో మా అల్లుడు నాలుగు బొమ్మలు గీశాడు. మా అమ్మ ఒక అట్ట తీసుకుని చుక్కల ముగ్గు వేసింది. అదే పాపకి అన్నిటికంటే ఇష్టం! మెలకువగా ఉన్నప్పుడు ముఖానికి జానెడు పైన పట్టుకుంటే కళ్లార్పకుండా చూస్తుంది. నాలుగో నెల వచ్చేసరికి రంగులు బాగా తెలుస్తాయి, అప్పుడు ఎర్ర గుడ్డ, పసుపు గుడ్డ చూపించుకోవచ్చు.

బొమ్మల్లో మన ఏటికొప్పాక లక్క బొమ్మల గురించి చెప్పకుండా ఉండలేను, మా ఊరి పక్కదే. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ లక్క అద్దుతారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పడుతుంది. మూలలు, పదును అంచులు ఉండవు, అంతా గుండ్రమే. చెట్ల వేళ్లు, ఆకులు, గింజల నుంచి తీసే సహజ రంగుల్ని అక్కడ మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. కొనేటప్పుడు సహజ రంగులవేనా అని అడిగి తీసుకోండి. కొండపల్లి బొమ్మలు వేరు. తెల్ల పొణికి కర్ర మీద పైపైన రంగు వేస్తారు, చిన్న చిన్న భాగాలు అతికిస్తారు. అవి చూసుకోవడానికి, బొమ్మల కొలువుకి. పిల్లల నోటికి కాదు. ప్లాస్టిక్ బొమ్మలైతే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి బొమ్మలకి అది తప్పనిసరి.

ఇంత ఆలోచించి గది సర్దాం కదా, ఒక పెద్ద విషయం మర్చిపోయాం. అది నేను చేసిన తప్పు. మీరు చేయకండి.

ఇంటికి వచ్చిన మూడో రాత్రి, రెండు గంటలప్పుడు, ఏడుపు వినపడి లేచాను. పాప అనుకున్నాను. కాదు, మా అమ్మాయి. మంచం అంచున వీపుకి ఆనుడు లేకుండా కూర్చుని, పాపకి పాలిస్తూ ఏడుస్తోంది. కుట్లు లాగుతున్నాయి. మెడ పట్టేసింది. దాహం వేస్తోంది, నీళ్లు అవతల బల్ల మీద ఉన్నాయి. పెద్ద లైటు వేస్తే పాపకి పూర్తిగా మెలకువ వస్తుందని చీకట్లోనే కూర్చుంది. "మమ్మల్ని పిలవచ్చు కదే" అంటే, "అందరూ నిద్రపోతున్నారు కదమ్మా" అంది.

గాలి, దుమ్ము, దోమలు, రంగులు అన్నీ చూశాం. తల్లి కూర్చునే చోటు చూడలేదు. మర్నాడే మా వారి చేతుల కుర్చీ, ఆయన పేపరు చదువుకునే కుర్చీ, ఆ గదిలోకి వెళ్లిపోయింది. పాదాల కింద పీట. పక్కన చిన్న స్టూలు, దాని మీద మూత ఉన్న నీళ్ల సీసా, వేయించిన పల్లీలో, సున్నుండలో ఒక డబ్బా, ఫోన్ చార్జర్, మెత్తటి గుడ్డలు నాలుగు. మోకాలి ఎత్తులో పసుపు రంగు వెలుగు ఇచ్చే చిన్న బల్బు. దాని వెలుగు బిడ్డ కళ్లలో పడదు. ఇంకా ఒక పిలుపు గంట. పూజ గంట కాదులెండి, వైరు లేని కాలింగ్ బెల్. బటన్ కుర్చీ దగ్గర, గంట నా మంచం దగ్గర. మొత్తం గదిలో డబ్బుకి విలువ దక్కింది ఏదైనా ఉంటే ఆ గంటే.

మొదటి నెలల్లో తల్లికి ఊరికే ఏడుపు రావడం, నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. "అందరికీ ఉండేదే" అని వదిలేయకండి.

ఇక రెండోవైపు, బిడ్డ వస్తువులు. పుట్టాకే కొంటే ఇబ్బంది అవుతుందేమో అని మా అమ్మాయి భయపడింది. కాలేదు. మొదటి వారానికి నిజంగా కావాల్సినవి ఇవి: ఉతికిన పాత నూలు గుడ్డలు, అవి ఇంట్లోనే ఉంటాయి. ఆరు చొక్కాలు, పొత్తిగుడ్డలు, టోపీ, దోమతెర, తొట్టి, పరుపు. జాబితా మా అల్లుడి జేబులో ఉంది. పాప పుట్టిన సాయంత్రం ఆయనా, మా వారూ దుకాణానికి వెళ్లారు. గంటన్నరలో పని అయిపోయింది. కొత్త బట్టలు ఉతికి ఎండలో వేసి తర్వాతే తొడిగాం. ఆ తొట్టి ఆటోలో ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి లోపలికి తీసుకురమ్మన్నది మా అమ్మే.

చివరిగా ఒక చిన్న సంగతి. బారసాల అయిన రాత్రి అమ్మ తన ఇనప్పెట్టె తెరిచింది. పాత చీర ముక్కలో చుట్టిన ఒక లక్క గిలక్కాయ తీసింది. ఎరుపు, పసుపు గీతలు, రంగు కాస్త మాసింది. మా నాన్నగారు యలమంచిలి వెళ్లినప్పుడు ఆ మొదటి బిడ్డ కోసం ముందే కొని తెచ్చారట. ఉయ్యాలని తర్వాత ఎవరికో ఇచ్చేశారు కానీ ఇది మాత్రం అమ్మ ఇవ్వలేదు. నేను పుట్టినా, నా తమ్ముళ్లు పుట్టినా బయటికి తీయలేదు. "ఇది పాప గదిలో పెట్టు" అని మా అమ్మాయి చేతికి ఇచ్చింది.

అరవై ఏళ్ల నాటిది, ఏ రంగు వాడారో తెలియదు, కాబట్టి పాప నోటికి అందనివ్వం. కుర్చీకి ఎదురుగా, ఎత్తులో ఒక చిన్న అర కొట్టించి దాని మీద పెట్టాం. ఆ గదిలో గోడ మీద ఉన్న అలంకరణ అదొక్కటే. రోజూ సాయంత్రం అమ్మ దాన్ని తీసి, దూరంగా నిలబడి ఒకసారి ఆడిస్తుంది. పాప తల తిప్పి వెతుక్కుంటుంది.

అదిగో, లేచినట్టుంది. నేను వెళ్లాలి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏదైనా వద్దంటే, వాదించే ముందు ఎందుకు అని ఒక్కసారి అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో బాలింత భోజనం గురించి మాట్లాడుకుందాం. ఉంటానండీ, నమస్కారం.